గ్రాంటు మంజూరైందని అప్పుకు వెళ్లకండి

ప్రశ్న: నేను పశువైద్య శస్త్రచికిత్స నిపుణురాలిని. సొంత క్లినిక్ ఉంది, ఒక పశువైద్య కళాశాలలో విజిటింగ్ ఫ్యాకల్టీని కూడా. కుక్కల్లో మోకాలి క్రూసియేట్ లిగమెంట్ (కీలును పట్టి ఉంచే పట్టీ) ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించే రెండు పద్ధతులను పోల్చి చూసే అధ్యయనానికి, కళాశాల పేరు మీద రెండేళ్ల గ్రాంటు మంజూరైంది. ఇంకా సంతకాలు కాలేదు. ఖర్చు ముందు మనం పెట్టుకుని మూడు నెలలకోసారి లెక్కలు పంపితే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. 10 శాతం మాత్రం తుది నివేదిక దాకా ఆపుతారు. ఆలస్యం కాకూడదని కుక్క నడకను కొలిచే ప్రెజర్ వాక్‌వేను నేనే అప్పు చేసి కొందామనుకుంటున్నాను. క్లినిక్ పనిని వారానికి ఆరు రోజుల నుంచి నాలుగుకు తగ్గిస్తాను. నా ఆదాయంలో 60 శాతం ఇంటి ఖర్చు, 15 శాతం పాత ఈఎంఐ. కొత్త ఈఎంఐ ఇంకో 25 శాతం అవుతుంది. పొదుపు రెండు నెలల ఖర్చులకు సరిపోతుంది. పర్సనల్ లోన్ మేలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మేలా?

సమాధానం: డాక్టర్ గారూ, రెండూ వద్దు. గ్రాంటు వచ్చిన పరిశోధకుల్లో చాలామంది ఇదే పొరపాటు చేస్తారు, అందుకే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను. మంజూరు పత్రం చేతికి రాగానే డబ్బు చేతికొచ్చినట్టే లెక్కలు వేసుకుంటారు. ఆ పత్రం షరతులతో ఇచ్చిన మాట. మీ ఇంటి ఈఎంఐకి ఆ షరతులతో పని లేదు, తేదీ రాగానే కట్టాల్సిందే.

మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. ఇప్పటి నెల ఆదాయం 100 అనుకోండి. ఇంటి ఖర్చు, పాత ఈఎంఐ కలిపి 75. మిగులు 25. క్లినిక్ నాలుగు రోజులైతే ఆదాయం 67కు పడిపోతుంది. నిజానికి ఇంకా తక్కువే రావచ్చు, ఎందుకంటే మీరు రెండు రోజులు తలుపు మూసినంత మాత్రాన క్లినిక్ అద్దె, సిబ్బంది జీతాలు తగ్గవు. 67 అనే అనుకున్నా నెలకు 8 లోటు. దాని మీద కొత్త ఈఎంఐ 25 పడితే లోటు 33. మీ పొదుపు 150. ఐదో నెలలో అది ఖాళీ. గ్రాంటు సొమ్ము ఎప్పుడొస్తుంది? మూడు నెలలు పూర్తవ్వాలి. లెక్కలు పంపడానికి 30 రోజులు, పరిశీలించి చెల్లించడానికి 60 రోజులు పట్టాయనుకుంటే ఆరో నెల చివరికి వస్తుంది. ఒక్క బిల్లు మీద కొర్రీ పడినా ఇంకా వెనక్కి వెళ్తుంది. పైగా ఆ డబ్బు కళాశాల ఖాతాలోకి వస్తుంది, మీ ఖాతాలోకి కాదు.

ఇంకో చిక్కు ఉంది. అప్పు వడ్డీని సాధారణంగా గ్రాంటులో చూపించలేరు. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్ వారి పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్ నిబంధనల్లో అప్పుల వడ్డీకి చోటు లేదు. అక్కడ పరికరానికైనా సాధారణంగా మొత్తం ధర ఇవ్వరు. ప్రాజెక్టు నడిచిన కాలానికి, ప్రాజెక్టుకు వాడిన మేరకు తరుగుదల లెక్కగట్టి ఇస్తారు. మీకు నిధులిచ్చే సంస్థ వేరైనా ఈ రెండు విషయాలూ మీ ఒప్పందంలో ఎలా ఉన్నాయో వెతకండి. ప్రాజెక్టు ప్రారంభ తేదీకి ముందు కొన్నవాటిని చాలా సంస్థలు అసలు ఒప్పుకోవు. గ్రాంటు కళాశాల పేరున ఉంటే, మీ పేరున కొన్న వాక్‌వే బిల్లును అకౌంట్స్ విభాగం తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. అప్పుడు యంత్రమూ మీదే, అప్పూ మీదే. ఇంత తెలిసీ కార్డు ఈఎంఐ గురించి ఆలోచించడం నాకు మింగుడుపడటం లేదు.

ముందు అత్యవసర నిధి సంగతి చూడండి. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాం. క్లినిక్ ఆదాయం మీద బతుకుతూ దాన్నీ తగ్గించుకోబోతున్న మీకు ఆరు నెలలనేది అతి తక్కువ హద్దు. అంటే 450 ఉండాలి, ఉన్నది 150. నేను చెప్పే దారి ఇది: ప్రారంభ తేదీని ఆరు నెలలు వెనక్కి జరపమని అడగండి. జంతు పరిశోధన నైతిక కమిటీ అనుమతికి, యజమానుల సమ్మతి పత్రాలు సిద్ధం చేయడానికి ఎలాగూ కొంత సమయం పోతుంది. ఆ ఆరు నెలలూ మిగిలే 25 మొత్తాన్ని పక్కన పెడితే నిధి 300 అవుతుంది, నాలుగు నెలల ఖర్చు. అప్పు లేకుండా ఉంటేనే, నాలుగు నెలల నిధితో మొదలుపెట్టడానికి నేను ఒప్పుకుంటాను. క్లినిక్‌ను నాలుగు రోజులకు కాదు, ఐదు రోజులకు తగ్గించండి. ఆదాయం 83, నెలకు 8 మిగులు. ఆ లెక్కన తక్కువైన 150 సమకూరడానికి దాదాపు 19 నెలలు పడుతుంది, ప్రాజెక్టు ముగిసేలోపే. ఈ సొమ్ము సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లోనో ఉండాలి. ప్రాజెక్టు ఖర్చులకు దీన్ని చేబదులుగా వాడటం మొదలుపెడితే నిధి పెట్టిన ప్రయోజనమే పోతుంది.

ఈ నిధి మీ ఇంటికి ఎంత అవసరమో ఆ కుక్కలకూ అంతే అవసరం. ఆపరేషన్ జరిగిన 6 వారాలకు, 12 వారాలకు, 6 నెలలకు కుక్క తిరిగొచ్చి వాక్‌వే మీద నడిస్తేనే ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో తేలుతుంది. కొలిచే మనిషికి ఏ కుక్కకు ఏ మందు ఇచ్చారో తెలియకూడదు కాబట్టి ఆ పని మీరే చేయలేరు, ఇంకొకరికి జీతమివ్వాలి. కుంటడం మానేసిన కుక్కను యజమాని మళ్లీ తీసుకురాడు. బాగైనవి రాక, బాగుకానివే వస్తుంటే మంచి మందు కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది. అందుకే తిరిగొచ్చే వారికి ఉచిత ఎక్స్‌రే, ప్రయాణ ఖర్చు గ్రాంటులో పెడతారు. యజమానులు కట్టే ఫీజులతో జరగని పని ఇదే, గ్రాంటు విలువ ఇక్కడే ఉంది.

చివరి దాకా వెంట ఉండి చూడటం ఎంత ముఖ్యమో పిల్లులకు వైరస్ వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు ఎఫ్‌ఐపీ మీద పశువైద్య పరిశోధకుడు నీల్స్ పెడర్సన్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. జీఎస్-441524 అనే వైరస్ నిరోధక మందు ఇంజెక్షన్లు మొదలుపెట్టిన 31 పిల్లుల్లో 26 కనీసం 12 వారాల చికిత్స పూర్తిచేశాయి. వాటిలో 8 పిల్లులకు చికిత్స ఆపాక 3 నుంచి 84 రోజుల్లోపు జబ్బు తిరగబెట్టింది. చివరి ఇంజెక్షన్‌తోనే పరిశీలన ఆపేసి ఉంటే 26కు 26 బాగైనట్టు రాసేవారు. మళ్లీ చికిత్స అవసరమన్న సంగతే తెలిసేది కాదు. మీ అధ్యయనం మధ్యలో డబ్బుకు ఇబ్బందిపడి మీరు మళ్లీ ఆరు రోజుల క్లినిక్‌కు వెళ్లిపోతే, అప్పటికే ఆపరేషన్ అయిన కుక్కల వివరాలు సగంలో ఆగిపోతాయి. అదే ప్రశ్నకు ఇంకెవరో ఇంకొన్ని కుక్కలతో మొదటి నుంచి మొదలుపెట్టాలి.

బడ్జెట్‌లో ఎక్కువమంది మరిచిపోయే పద్దు ఒకటుంది: ఆపరేషన్ తర్వాత వచ్చే సమస్యలు. ఎముకకు బిగించిన ప్లేటు దగ్గర ఇన్‌ఫెక్షన్ వస్తే, ఎముక అతుక్కున్న తర్వాత ప్లేటు తీసేయాల్సి రావచ్చు. తర్వాత మెనిస్కస్ (మోకాలి కీలులోని మృదులాస్థి) చిరిగితే రెండో ఆపరేషన్. అధ్యయనంలో ఉన్న కుక్క కాబట్టి యజమాని మీ వైపే చూస్తాడు, మీకూ కాదనే మనసు రాదు. ఆ ఖర్చు ఎవరిదో సమ్మతి పత్రంలో రాసి లేకపోతే చివరికి పడేది మీ అత్యవసర నిధి మీదే.

బీమా: మణికట్టు విరిగినా, కుక్క కాటుకు వేలి నరం తెగినా మీ ఆదాయం ఆగిపోతుంది. గ్రాంటు ఆ లోటు భర్తీ చేయదు. ఆపరేషన్ చేయలేని స్థితినే వైకల్యంగా గుర్తించే ఆదాయ రక్షణ పాలసీ తీసుకోండి. ‘ఏ పనీ చేయలేకపోతేనే’ అనే నిర్వచనం ఉన్న పాలసీ మీకు పనికిరాదు. మీ వృత్తి బాధ్యత బీమా పరిశోధనలో భాగంగా చేసే చికిత్సలకు వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

వాక్‌వే కోసం వేరే దారులు: కళాశాలే కొనడం, అద్దెకు తీసుకోవడం, ఉన్న ప్రయోగశాలలో వాడుకోవడం.

సంతకం కాకముందే బడ్జెట్ మార్పు అడగడం తేలిక. సంతకమయ్యాక చాలాచోట్ల ప్రతి మార్పుకూ అనుమతి కావాలి. కాబట్టి ఈ వారమే కళాశాల అకౌంట్స్ విభాగం ద్వారా నిధులిచ్చే సంస్థకు నాలుగు విషయాలు రాయండి. మొదటి మూడు నెలల ఖర్చుకు ముందస్తు చెల్లింపు ఇస్తారా? మీరు లేని రోజు క్లినిక్‌లో పనిచేసే డాక్టరు జీతాన్ని బడ్జెట్‌లో చేరుస్తారా? ఆపరేషన్ తర్వాతి సమస్యలకు విడి పద్దు పెట్టనిస్తారా? ప్రారంభ తేదీ ఆరు నెలలు జరుపుతారా? ముందస్తు చెల్లింపుకు ఒప్పుకోకపోతే, చివరి దాకా ఆపే ఆ 10 శాతంతో సహా మధ్యకాలపు ఖర్చును కళాశాలే భరిస్తుందని రిజిస్ట్రారు నుంచి లేఖ తీసుకున్నాకే సంతకం పెట్టండి.