పెరటి ఉత్తరాలు: ఈ నెల అంతా సాల్వియాయే

సంక్రాంతి ముందు నర్సరీల వాకిట్లో ఎర్రెర్రగా వరసలు పేర్చి పెడతారు. చూసి ఊరికే వచ్చేసేవాళ్లు తక్కువ. ఆ మొక్కలు ఎండాకాలంలో ఏమయ్యాయో ఇప్పుడు ఉత్తరాల్లో తెలుస్తోంది.

*అమ్మా, డిసెంబరులో ఆరు ఎర్ర సాల్వియా మొక్కలు తెచ్చి కుండీల్లో పెట్టాను. పండక్కి వాకిలి కళకళలాడిపోయింది. మార్చిలో ఆకులు రాలడం మొదలై, ఏప్రిల్ కల్లా ఆరూ ఎండిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయని మా ఆయన, తక్కువయ్యాయని మా అత్తగారు. ఎవరిది నిజం? – ఒక పాఠకురాలు, భీమవరం*

ఇద్దరిదీ కాదమ్మా, ఎండది. మీరు తెచ్చింది సాల్వియా స్ప్లెండెన్స్. దాని పుట్టిల్లు బ్రెజిల్. అక్కడి చల్లదనంలో, తేమలో అది ఏళ్ల తరబడి బతికే పొద. మన దగ్గర మాత్రం ఒక్క చలికాలపు చుట్టం. కడియం నర్సరీల్లో బంతి, పెటూనియాలతో కలిపి దీన్నీ ‘సీజన్ మొక్క’ అనే అంటారు. ఆ మాటలోనే ఉంది, సీజన్ అయితే వెళ్లిపోతుందని. భీమవరం ఏప్రిల్‌ను తట్టుకోమంటే పాపం ఎలా?

మళ్లీ తెచ్చుకోండి, కానీ డిసెంబరు దాకా ఆగొద్దు. దసరా దాటి వానలు తెరిపిచ్చాక చిన్న మొక్కలు దొరుకుతాయి. అప్పుడు తెచ్చుకుంటే పూలు చూసే రోజులు రెట్టింపవుతాయి. నర్సరీలో అందరి చెయ్యీ ముందు నిండా పూసిన మొక్క మీదకే పోతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే మోసపోయాను. ఆ పూత అంతా కవర్లో ఉండగానే అయిపోయి ఉంటుంది, వేళ్లు కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి. మీరు పొట్టిగా, గుబురుగా, ఒక్క మొగ్గ మాత్రం ఎరుపు తిరుగుతున్నదాన్ని ఏరుకోండి. ఆకు తిప్పి అడుగున చూడండి. తెల్లదోమ లేస్తే ఆ వరసే వదిలేయండి. అక్కడి అబ్బాయి ‘ఏం కాదమ్మా, మందు కొట్టేశాం’ అంటాడు. అన్నా వదిలేయండి.

ఇంటికి తెచ్చాక ఎనిమిదంగుళాల కుండీకి ఒక్క మొక్క. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక. చిన్న మొక్కయితే నాలుగు జతల ఆకులు రాగానే చిగురు తుంచేయండి. చెయ్యి రాదు, నాకు తెలుసు. తుంచకపోతే ఒకే కర్రలా పోతుంది, తుంచితే నాలుగు కొమ్మలేసి నాలుగు వెన్నులు పూస్తుంది. పూత ఆలస్యమవుతోందని యూరియా మాత్రం వేయొద్దు. దీనికి ఉప్పు ఎరువులు పడవు, ఆకు అంచులు మాడతాయి.

ఇంకో మాట. ఈ పువ్వులో అసలు పువ్వు ఆ సన్నటి ఎర్ర గొట్టం. అది నాలుగు రోజుల్లో రాలి మీ గచ్చు మీద పడుతుంది. కింద ఉన్న గంటలాంటి తొడిమ కూడా ఎర్రదే. అది వారాల తరబడి వెన్నుకే ఉంటుంది. అందుకే పూలన్నీ రాలిపోయినా మొక్క పూసినట్టే కనిపిస్తుంది. ఆ ఎరుపు వెలిసిపోయి గోధుమరంగు తిరిగిన వెన్నుల్ని కింద రెండాకులు వదిలి కత్తిరించండి. మళ్లీ పూస్తుంది. శివరాత్రి దాటాక కుండీని తూర్పు వైపు, పొద్దుటి ఎండ మాత్రం తగిలేచోటికి జరిపితే ఇంకొన్నాళ్లు నిలబడుతుంది. ఆ పైన మీ ఆయన్నీ అత్తగారినీ రాజీ పడమనండి.

ఎండాకాలంలోనూ ఎర్రటి సాల్వియానే కావాలంటే వేరే రకముంది: కాక్సీనియా. ఇంత గుబురుగా ఉండదు. సన్నటి కాడ, ఎడంఎడంగా పూలు. అందానికి నూటికి అరవై మార్కులు వేస్తాను, మొండితనానికి నూరూ వేస్తాను. మా ఇంట్లో నేను ఎక్కడా నాటలేదు. ఒకసారి తెచ్చిన మొక్క గింజలు రాలి, ఇప్పుడు బావి గట్టు ఇటుకల సందుల్లో దానంతటది మొలుస్తోంది. నర్సరీల్లో దీన్ని పెద్దగా అమ్మరు, ఎవరింట్లోనైనా ఉంటే గింజలు అడిగి తెచ్చుకోవాలి. తేనెపిట్టలు పొద్దున్నే దాని మీదే.

*మేడమ్, రెండేళ్లుగా సాల్వియా విత్తనాలు కొని ట్రేల్లో వేస్తున్నాను. మొదటిసారి ఒక్కటీ రాలేదు. రెండోసారి వచ్చినవి వారానికే మొదలు దగ్గర వంగి పడిపోయాయి. దుకాణంవాళ్లు పాత విత్తనం అంటగట్టారా? – కూకట్‌పల్లి, హైదరాబాద్*

పాత విత్తనం కావచ్చు. కానీ ఆ మాట అనేముందు, ఎంత లోతున వేశారో చెప్పండి.

నా సంగతి చెప్తాను. మొదటిసారి వేసినప్పుడు మెంతులు వేసినట్టు పైన అరంగుళం మట్టి కప్పాను. పదిహేను రోజులు చూశాను, మట్టి మట్టిగానే ఉంది. పొట్లం కొన్న దుకాణానికెళ్లి గట్టిగానే మాట్లాడి వచ్చాను. మర్నాడు ట్రే కడగబోతే అంచున, గింజలు వేస్తున్నప్పుడు చెయ్యి జారి మట్టి మీదే పడిపోయినచోట, మూడు మొలకలు! రెండేసి గుండ్రటి ఆకులతో నన్ను చూసి నవ్వుతున్నాయి. ఈ విత్తనాలు వెలుగు తగిలితేనే బాగా మొలుస్తాయి, లోతున పూడిస్తే చాలామటుకు రావు. దుకాణానికి మళ్లీ వెళ్లి క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు, ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లను.

కాబట్టి తమ్ముడూ, తడిపిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు సగం సగం కలిపి ట్రే నింపండి. గింజలు పైన చల్లి, వేలితో మెల్లగా అదమండి, అంతే. నీళ్లు పోయకుండా స్ప్రేయరుతో తడపండి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం కప్పి, వెలుగుండే నీడలో పెట్టండి. సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరు లోపల వేస్తే రెండు వారాల్లో మొలుస్తాయి. మొలవగానే కాగితం తీసేయండి. అది తీయకుండా ఉంచేసినా, రోజూ సాయంత్రం తడిపినా, మీ రెండోసారి కథే మళ్లీ జరుగుతుంది. దాన్ని నారుకుళ్లు అంటారు. ఒకటి రెండు పడ్డాయంటే, మిగిలినవాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లలో తడపండి. పడిపోయినవి లేవవు.

హైబ్రిడ్ పొట్లాల మొక్కల గింజలు దాచుకుంటే మరుసటేడు అదే పొట్టితనం, అదే రంగు వస్తాయన్న భరోసా లేదు. మామూలు రకమైతే దాచుకోవచ్చు. తొడిమ అడుగున నాలుగే గింజలుంటాయి, ముదిరితే చెప్పకుండా రాలిపోతాయి. వెన్నుకు కాగితం సంచి తొడిగి దారంతో కట్టండి.

*అక్కా, అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇక్కడి నర్సరీలో సాల్వియా అని బోర్డు పెట్టి డజను రకాలున్నాయి, ఒకదానికొకటి పోలికే లేదు. ఏది కొనాలి?*

పోలిక లేకపోవడం సహజమే, సాల్వియా కుటుంబంలో సుమారు వెయ్యి జాతులున్నాయి. అన్నీ తులసికి చుట్టాలు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడు, నాలుగు పలకలు తగులుతాయి.

నువ్వు కొన్ని సాల్వియాల పుట్టింట్లోనే కాపురముంటున్నావమ్మాయ్. టెక్సస్ నేల సొంత సాల్వియాల్లో రెండు చెప్తాను. ఒకటి గ్రెగీ. మోకాలెత్తు పొద, చిన్న ఆకులు, ఎరుపు గులాబీ రంగుల పూలు. హమ్మింగ్ బర్డులు దాని కోసం వస్తాయి. రెండోది ఫరినేసియా, నీలి వెన్నులది. దాని తొడిమలకు బియ్యప్పిండి రాసినట్టుంటుంది. లాటిన్‌లో పిండిని ఫరీనా అంటారు, పేరు అక్కణ్ణుంచే. మన దగ్గర చలికాలంలో అమ్మే నీలి సాల్వియా ఇదే. ఎర్రదానికంటే ఎండకు ఓర్చుకుంటుంది. నర్సరీలో హెన్రీ డ్యూల్‌బర్గ్ అనే పేరు కనిపిస్తే వదలకు. టెక్సస్‌లో ఒక పాత శ్మశానంలో ఆ పేరుగల మనిషి సమాధి మీద పూస్తుంటే చూసి తెచ్చిన రకమది. పక్కనే ఆయన భార్య ఆగస్టా సమాధి మీద దొరికిన తెల్లటి రకానికి ఆమె పేరు పెట్టారు. రెండూ పక్కపక్కన నాటు.

మీ డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే బంక, ఎండితే బీటలు. చలికాలం తడి నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి, కాబట్టి మట్టి ఎత్తు చేసి నాటు. ఫిబ్రవరి మధ్యలో గ్రెగీని మూడోవంతు కత్తిరించు. ఫరినేసియా చలికి పైన ఎండిపోతే పీకేయకు, వేరునుంచి మళ్లీ లేస్తుంది.

*సాల్వియా ఆకు వంటల్లో వేస్తారని విన్నాం. మా ఎర్రదాని ఆకులు టీలో వేసుకోవచ్చా? – తెనాలి*

వద్దు. వంటకు వాడేది సేజ్, అంటే సాల్వియా అఫిసినాలిస్, బూడిదరంగు ఆకులది. మీది అందానికి మాత్రమే. ఇప్పుడు అందరూ నానబెట్టుకు తాగుతున్న చియా గింజలు కూడా ఒక సాల్వియావే. రోజ్‌మేరీని సైతం 2017లో శాస్త్రజ్ఞులు సాల్వియాలో కలిపేశారు. చుట్టరికం ఉంది కదా అని అందర్నీ విందుకు పిలవలేం.

*ఊటీ వెళ్లినప్పుడు ముఖ్‌మల్ లాంటి ఊదారంగు సాల్వియా కొమ్మ తెచ్చి గేటు పక్కన నాటాను. రెండేళ్లయింది, నడుమెత్తు పెరిగింది, ఆకులు బ్రహ్మాండం, పువ్వు లేదు. – మదనపల్లె*

అది లూకాంత, మెక్సికో మొక్క. మీ ఊరి చల్లదనం దానికి సరిపోయినట్టే ఉంది. అది పగటి పొద్దు తగ్గి రాత్రులు పొడుగయ్యాక మొగ్గ తొడుగుతుంది. గేటు పక్కన అన్నారు. మీ గేటు మీద రాత్రంతా వెలిగే దీపం గానీ, ఎదురుగా వీధి దీపం గానీ ఉందా? ఉంటే దానికి రాత్రే తెలియడం లేదు. నాలుగంగుళాల కొమ్మ చివర్లు రెండు మూడు కత్తిరించి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చండి, తేలిగ్గానే వేళ్లు పోసుకుంటాయి. వాటిని ఇంటి వెనక చీకటిపడే వైపు, ఎండ బాగా తగిలేచోట నాటండి. ముందున్నదాన్ని పీకకండి. దీపావళి తర్వాత రెండిట్లో ఏది పూసిందో నాకు రాయండి.