ప్రకటనలో 80 మి.మీ. లెన్సు, పార్సిల్‌లో 65 మి.మీ.

ప్రశ్న: మాది గుంటూరు. రైఫిల్ క్లబ్ సభ్యుడిని. 300 మీటర్ల టార్గెట్‌పై తూటా రంధ్రాలు చూసేందుకు ఆన్‌లైన్‌లో 38,000 రూపాయలకు స్పాటింగ్ స్కోప్ కొన్నాను. 20-60 రెట్లు, 80 మి.మీ. ముందు లెన్సు అని ప్రకటించారు. కొలిస్తే 65 మి.మీ. ఉంది, 60 రెట్ల వద్ద బొమ్మ మసకగా ఉంది. వాపసు లేదనీ, బిల్లు ప్రకారం ఢిల్లీ కోర్టుకే వెళ్లాలనీ విక్రేత అంటున్నాడు. అసలు దీనికి లైసెన్సు కావాలా?

జవాబు: లైసెన్సు అవసరం లేదు. తుపాకీతో సంబంధం లేకుండా ట్రైపాడ్‌పై నిలిపి చూసే దుర్భిణి 1959 నాటి ఆయుధాల చట్టం కిందికి రాదు.

మీరు చెప్పిన రెండు లోపాలకూ సమాన బలం లేదు. మసకను ప్రధాన ఆరోపణగా పెట్టకండి. మన గుంటూరు ఎండలో నేల నుంచి లేచే వేడిగాలి ఎంత ఖరీదైన స్కోపులోనైనా 60 రెట్ల వద్ద బొమ్మను చెదరగొడుతుంది. అందుకే షూటర్లు పగటివేళ తక్కువ రెట్లకు దించి చూస్తారు. పైగా 60 రెట్ల వద్ద కంటికి చేరే కాంతిపుంజం వ్యాసం 80 మి.మీ. లెన్సుకైనా సుమారు 1.3 మి.మీ. మాత్రమే కాబట్టి బొమ్మ కొంత మసకగానే కనిపిస్తుంది. ఎదుటి న్యాయవాది ముందుగా పట్టుకునేది దీన్నే. లెన్సు వ్యాసం మాత్రం ఎండకు మారదు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోవడానికీ, సొమ్ము తిరిగి ఇవ్వడానికీ విక్రేత నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి కనుక, 'వాపసు లేదు' అన్న మాట ఇక్కడ చెల్లదు.

ప్రకటన పేజీని, కాలిపర్‌తో లెన్సును కొలుస్తున్న దృశ్యాన్ని ఇప్పుడే భద్రపరచండి. ఫోన్‌లోని ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. స్కోపును మాత్రం విప్పకండి, విప్పితే లోపం మీ చేతిలోనే వచ్చిందంటారు. అవసరమైతే వినియోగదారుల కమిషనే దాన్ని ప్రయోగశాల పరీక్షకు పంపగలదు.

ముందుగా ఆ వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు రసీదు, నెలలోపు పరిష్కారం ఇవ్వడం ఆయన బాధ్యత. ఫలితం లేకపోతే, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలును 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ కల్పిస్తున్నందున, బిల్లుపై ఏమి ముద్రించినా మీరు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు దాఖలు చేయాలి.