మేనకోడలు పిల్లకు, పాత బండి అప్పజెప్పే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అది ఎర్టిగా ఇచ్చేసి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ తీసుకుంటుందట" అన్నాడు. గొంతులో సగం ఫిర్యాదు, సగం గొప్ప. నీ పైసలు, నీకు నచ్చిన బండి. మన ఇంట్లో ఆడపిల్ల షోరూంకు పోయి ఇంజిన్ వివరాలు అడిగి మరీ కారు ఎంచుకోవడం ఇదే మొదలు. నాకు మస్తు సంబరమైంది. నిద్ర మాత్రం పట్టలేదు. మోటారు బీమా క్లెయిముల ఫైళ్ళ మధ్య నౌకరీ చేసినదాన్ని. కొత్త కారు అనగానే నా కళ్ళు ముందు పాత కారు వైపే పోతాయి. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నా. మొత్తం చదువు.

చిన్న పనులు ముందు. ఎర్టిగా లోను తీరిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉండిపోయిందేమో చూడు, ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్), ఫారం 35 పెట్టి తీయించు. పెండింగు చలాన్లు కట్టెయ్. రెండు తాళాలు, సర్వీసు బిల్లులు ఒక్క కవర్లో పెట్టు. డాష్‌క్యామ్ మెమరీ కార్డు తీసుకో. ఫాస్టాగ్‌ను అద్దం మీద నుంచి గీకి తీసి, ఖాతా మూయించు. లేకపోతే ఎవరో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరుగుతుంటే టోలు నీ ఖాతాలోంచి పోతుంటుంది.

బేరం విషయంలో ఒక్కటే మాట. షోరూం వాడు "మొత్తం మీద ఇంత కడితే చాలు మేడం" అంటాడు. ఆ మొత్తాన్ని ఒప్పుకోకు. పాత బండికి ఎంతిస్తాడో ఒక కాగితం మీద, పాత బండి సంగతే లేకుండా కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఇంకో కాగితం మీద రాయించు. పాత బండి ఇచ్చినందుకు పైన ఇచ్చే ఎక్స్‌ఛేంజ్ బోనస్ మూడో లెక్క. మూడూ కలిపేస్తే ఒక చేత్తో పెంచింది ఇంకో చేత్తో లాగేస్తాడు, నీకు తెలియదు కూడా. పాత కార్లు కొనే వేరే ఇద్దరితో ఎర్టిగాకు ధర కట్టించుకుని మరీ పో. ఆన్‌రోడ్ లెక్కలో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఉంటే కొట్టెయ్యమను. పది లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను పడుతుంది, దాన్ని ఐటీ రిటర్న్స్‌లో సర్దుకోవచ్చు, పోయిందని వదిలెయ్యకు.

ఇప్పుడు అసలు సంగతి. ఎర్టిగా ఎవరి పేరు మీద ఉంది? నీ పేరు కాదు, మీ నాన్న పేరు. నువ్వు నడుపుతున్నావు గనక నీదే అనుకుంటున్నావు. కాగితానికి ఆ సంగతి తెలియదు. ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇవ్వాలంటే రెండు బండ్లూ ఒకే పేరు మీదనో, రక్త సంబంధం ఉన్నవాళ్ళ పేర్ల మీదనో ఉండాలంటారు షోరూం వాళ్ళు, మీ ఆధార్‌లు తీసుకుపో. దానికన్నా పెద్ద మాట ఇన్సూరెన్స్‌లో వచ్చే నో క్లెయిమ్ బోనస్. అయిదేళ్ళు వరసగా క్లెయిమ్ లేకపోతే సొంత నష్టం, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది, మీ నాన్నకు అది ఎప్పుడో వచ్చేసింది. కానీ ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. ఆయన బతికుండగా ఆయన బోనస్ నీకు రాదు. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆయన పేరు మీద బోనస్ లెటర్ తీసి పెట్టుకుంటే మూడేళ్ళు చెల్లుతుంది, ఆయనే ఇంకో బండి కొంటే వాడుకుంటాడు, అంతే.

"అయితే కొత్త బండి కూడా నాన్న పేరు మీదే తీసుకుంటే పోలా, బోనస్ మిగులుతుంది" అని సేల్స్ పిల్లగాడు సలహా ఇస్తాడు. వినకు. తప్పనిసరిగా కట్టించుకునే 15 లక్షల ప్రమాద బీమా ఓనర్-డ్రైవర్‌కు, అంటే ఆర్సీలో పేరున్న మనిషికి. బండి ఆయనదై, నడిపేది నువ్వైతే ఆ కాగితం నీకు పనికిరాదు. కొన్ని వేలకు ఆశపడి నీ సొంత బండి మీద నీకు రక్షణ లేకుండా చేసుకుంటావా?

ఇక మీ నాన్న నీకు చెప్పొద్దన్న ముచ్చట. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను.

2006లో మన మారుతి 800 అమ్మాం. కొన్నవాడు తెలిసినవాడే, నవ్వుతూ మాట్లాడేవాడు. మీ నాన్న పేరు మార్పిడి కాగితాలు, అంటే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి, ఆర్సీ చేతిలో పెట్టి, పైసలు లెక్కపెట్టుకుని ఇంటికొచ్చాడు. రసీదు మీద తేదీ లేదు, కొన్నవాడి సంతకం లేదు. నాలుగేళ్ళ తర్వాత ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నుంచి సమన్లు వచ్చాయి. ఆ బండి మూడు చేతులు మారింది. మూడో వాడు ఒకాయన్ని గుద్ది కాలు విరగ్గొట్టాడు. దెబ్బ తగిలిన మనిషి తప్పేమీ లేదు, ఆయనకు పైసలు రావాల్సిందే. ఎవరివ్వాలి అనేదే ప్రశ్న. ఆర్సీలో అప్పటికీ మీ నాన్న పేరే ఉంది. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో అర్థం చేసుకో, ఎందుకంటే ఇప్పటికీ అలాగే జరుగుతోంది. పాత బండ్ల వ్యాపారి కొన్న వెంటనే పేరు మార్చుకోడు. మార్చితే ఫీజు, తిరుగుడు, పైగా ఆర్సీలో ఓనర్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది. సెకండ్ ఓనర్ బండి థర్డ్ ఓనర్ అయితే ధర పడిపోతుంది. అందుకని నీ ఖాళీ సంతకాలు అతని బీరువాలో పడుకుంటాయి, అసలు కొనేవాడు దొరికిన రోజు వాటి మీద ఆ పేరు రాస్తాడు. అది వారం కావచ్చు, ఏడాది కావచ్చు. ఈలోగా టెస్ట్ డ్రైవ్ అని ఎవరెవరో నడుపుతారు. పాలసీ గడువు దగ్గరపడితే రెన్యువల్ మెసేజ్ మీ నాన్న ఫోన్‌కే వస్తుంది. "అమ్మేశాం కదా" అని ఆయన తీసేస్తాడు. కొత్తవాడికి మెసేజే రాదు. బండి మాత్రం రోడ్డు మీద ఉంటుంది.

మోటారు వాహనాల చట్టంలో ఓనర్ అంటే ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందో ఆ మనిషి. 2018లో సుప్రీంకోర్టు అచ్చం ఇలాంటి కేసులోనే తేల్చి చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే జవాబుదారీ, దెబ్బ తగిలినవాడు చేతులు మారిన వరసంతా వెతుక్కుంటూ తిరగలేడు అని. న్యాయమే. కానీ ఆ న్యాయం మీ నాన్న జేబులోంచి పోయింది. నీ ఇంటర్ ఫీజు రెండు టర్ములు ఆలస్యమైన ఏడాది గుర్తుందా? నాన్న పట్టించుకోవట్లేదని అలిగి మా ఇంటికొచ్చి నాలుగు రోజులున్నావు. ఆ ఏడాదే ఇది.

కాబట్టి ఈసారి ఇలా చెయ్యండి. ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా నింపాకే మీ నాన్న సంతకం పెట్టాలి. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ అన్నీ. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 ఒకటి, అన్నిటికీ ఫోటోలు. డెలివరీ నోట్‌లో తేదీ ఒక్కటే చాలదు, గంట, నిమిషం రాయించు. సాయంత్రం 4:20కి ఇచ్చిన బండి 5 గంటలకు ఎవరినైనా గుద్దితే ఆ నలభై నిమిషాలే మీ సాక్ష్యం. కిలోమీటర్ల రీడింగు, తీసుకున్నవాడి సంతకం, గుర్తింపు కార్డు కాపీ కూడా ఉండాలి. బండి అమ్మిన 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు, అదే ఆర్టీఏకు తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాడిది, ఆ పని షోరూం వాడి మీద వదిలెయ్యకు. ఫారం 29 కార్యాలయంలో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకో, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. బండి పక్క రాష్ట్రానికి పోయేదైతే ఫారం 28, అంటే ఎన్‌ఓసీ తప్పదు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు ఆథరైజేషన్ ఉండాలి, బండి వాళ్ళ చేతికిచ్చినట్టు ఫారం 29సి ఉంది. ఉందా అని అడుగు, ఉంటే తీసుకో. అది వచ్చింది కదా అని మిగతావి మానెయ్యకు.

ఇంకొకటి, చదువుకున్నవాళ్ళే చేసే పొరపాటు. ఆ బోనస్ లెటర్ కోసం తొందరపడి, పేరు మారకముందే పాత పాలసీ రద్దు చేయిస్తారు. ఆ మధ్యలో బండి రోడ్డు మీద, పేరు మీ నాన్నది, ఇన్సూరెన్స్ సున్నా. 2010లో జరిగిందే మళ్ళీ జరగాలంటే ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఆర్సీలో కొత్త పేరు ఎక్కాకే లెటర్ సంగతి. అప్పటిదాకా పాలసీ ప్రాణంతో ఉండాలి, గడువు దగ్గరైతే మీరే కట్టండి. పోయే పైసలు పోనీ.

అబ్బ, రాస్తుంటే కోపం వస్తోంది. నీ మీద కాదులే.

కొత్త బండి ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని ఏమీ లేదు. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ మూడేళ్ళది తప్పనిసరి, సొంత నష్టం ఒక ఏడాదిది చాలు. జీరో డెప్ (విడిభాగాల మీద అరుగుదల కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ రెండూ పెట్టించు. రెండోది ఎందుకంటే, 2020 అక్టోబర్ వాన నువ్వు చూశావు, లింగంపల్లి రైల్వే వంతెన కింద ప్రతి వానాకాలం చూస్తున్నావు. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టకు. గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు, పిస్టన్ పైకి పోలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీలో ఆ నష్టానికి పైసా రాదు. ఆపి, దిగి, తోయించి, టోయింగ్ పిలువు.

డెలివరీకి ముందు, రిజిస్ట్రేషన్ కాకముందే, పగటి వెలుతుర్లో బండి చూడు. ఫారం 21, అంటే అమ్మకం సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం ఉంటుంది. టైరు మీద నాలుగంకెలు చూడు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అయిదో టైరు కూడా చూడు, దాన్ని ఎవరూ చూడరు.

టెస్ట్ డ్రైవ్‌కు మీ నాన్నను తీసుకుపో. ముందు సీట్లో కాదు, వెనక. ఎర్టిగాలో ఎక్కడం కుర్చీలో కూర్చున్నట్టు, ఈ సెడాన్‌లో ఎక్కడం పీట మీదికి దిగినట్టు. ఆయన మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, నీ ముందు చెప్పడు. అయిదుసార్లు ఎక్కి దిగమను. మొదటిసారి నవ్వుతూ దిగుతాడు, అయిదోసారి తలుపు పైఅంచు పట్టుకుని ఒక క్షణం ఆగుతాడా లేదా చూడు. నేల నుంచి సీటు అంచు దాకా టేపు పెట్టి రెండు బండ్లూ కొలువు. పాప సీటు ఒక కిటికీ వైపు బిగిస్తే ఆయనకు మిగిలేది రెండో కిటికీ, అందుకే వెనకే చూడమన్నాను. డిక్కీ 521 లీటర్లు, సామానుకు బెంగ లేదు. ఎర్టిగాలో పట్టే ఏడుగురిలో ఇద్దరు మాత్రం ఇకమీద క్యాబ్‌లో వస్తారు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని, ఫికరు చెయ్యకు.

గేర్‌బాక్స్ డీఎస్‌జీ అన్నాడు మీ నాన్న, అంటే గేర్లు తనే మార్చుకునే రకం. అందులో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా ఉదయం పూట అంగుళం అంగుళం జరిపితే క్లచ్ సగం పట్టి సగం జారి వేడెక్కుతుంది. ముందు బండికి కాస్త సందు వదిలి, సందు పెరిగాక ఒకేసారి కదులు. ఆగినప్పుడు బ్రేకు పూర్తిగా నొక్కు, సగం సగం కాదు. సెల్లార్ ర్యాంపు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకు, అదే దాన్ని అన్నిటికన్నా తొందరగా తినేస్తుంది.

కొత్తదాని టైరు 205/55 ఆర్16, మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది అందులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో. ఎర్టిగాది 185/65 ఆర్15. పక్క గోడ ఎత్తు లెక్కగడితే 120 మిల్లీమీటర్ల నుంచి 113కు వస్తుంది. ఏడు మిల్లీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అంటావు. మారేది అదొక్కటే కాదు, గుంతలోకి నువ్వు దిగే వేగం కూడా. పక్క గోడ ఉబ్బితే దానికి పంక్చర్ వేయరు, టైరు మార్చడమే.

రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచుతామని ఎవరైనా ఆశ పెడితే వద్దు. వారంటీ పోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయించావని తెలిస్తే క్లెయిమ్ కూడా ఆపుతారు. 150 హార్స్‌పవర్ చాలదా నీకు?

చాలని నాకు తెలుసు, నా భయం కూడా అదే. ఎర్టిగా ఇంజిన్‌కు టార్క్, అంటే లాగే బలం 130 న్యూటన్ మీటర్లు, దీనికి 250, అదీ నిమిషానికి 1600 తిరుగుళ్ళ నుంచే. పాతదాంట్లో ఓవర్‌టేక్ చెయ్యాలంటే ఆలోచించేదానివి. దీంట్లో ఆలోచించేలోపే అయిపోతుంది. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి కారు కింద రోడ్డు మీద పడింది. 40 ఉండాల్సిన మలుపులో వందకు పైగా పోయాడు. చనిపోయింది కింద ఆటో కోసం నిలబడ్డ ఆమె. నువ్వు రోజూ ఆ దారినే పోతావు. షోకు తీర్చుకోవాలంటే ఔటర్ ఉంది, 158 కిలోమీటర్లు, మొదటి రెండు లేన్లలో 120 దాకా చట్టమే ఒప్పుకుంటుంది. తెల్లవారుజామున టైర్లలో గాలి చూసుకుని పో. పాప లేకుండా పో. ఒకరోజు నన్ను కూడా ఎక్కించుకుని పో, మీ నాన్నకు చెప్పకు.

పూజకు పెద్దమ్మ గుడి అనుకున్నారట, మంచిదే. నాలుగు నిమ్మకాయలు నేను తెస్తా. అంతకు ముందు ఎర్టిగా ఫారం 29 మీద ఆర్టీఏ ముద్ర పడ్డ కాపీ ఫోటో పంపు. కొత్త కారు ఫోటో దాని తర్వాతే.

మీ అత్త