గురువారం ఖాళీ అని ఎవరన్నారు?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. కవిత్వం రాస్తాను, రాయడం నేర్పుతాను. నా సంపాదన ఆ నేర్పడం మీదే. సోమ, బుధవారాలు బడిపిల్లలకి రచన క్లాసులు. మంగళ, శుక్రవారాలు రాత్రిపూట ఆన్‌లైన్‌లో పెద్దవాళ్ళకి. శనివారం వర్క్‌షాప్. ఆదివారమంతా వాళ్ళు రాసినవి దిద్దడం. మధ్యలో ఎవరి పుస్తకానికో ముందుమాట, ఏదో పోటీకి న్యాయనిర్ణయం. వీటికి డబ్బులుండవు. గురువారం ఒక్కటే ఖాళీ. ఆ రోజు అమ్మ దగ్గరికి వెళ్తాను. అమ్మ అన్నయ్య ఇంట్లో ఉంటుంది, మోకాళ్ళు పట్టేసి సొంతంగా లేవలేదు. అన్నయ్య, వదిన ఉద్యోగస్తులు. పగలు చూసుకోవడానికి ఒక మనిషి వస్తుంది, గురువారం ఆమెకి సెలవు. అమ్మకి స్నానం చేయించి పడుకోబెట్టాక నోటుబుక్ తీస్తాను. మంచం కింద రెండు అట్టపెట్టెలు కనిపిస్తాయి. అవి నా మొదటి పుస్తకం కాపీలు, 11 ఏళ్ళ క్రితం అన్నయ్యే అచ్చు వేయించాడు. చూసి నోటుబుక్ మూసేస్తాను. ఎనిమిది నెలలుగా ఒక్క కవిత పూర్తి చేయలేదు. నా స్టూడెంట్ల కవితలు మాత్రం పత్రికల్లో వస్తున్నాయి. క్లాసులు మానేసి రాసుకోవాలా, కవిత్వం పక్కనపెట్టి నెల జీతం వచ్చే ఉద్యోగం చూసుకోవాలా? మావారు నీ ఇష్టం అంటారు. అన్నయ్యకి చెబితే నవ్వుతాడేమోనని భయం.

జవాబు:

మీరు అడిగినదానికి జవాబు చిన్నదే, ముందు అది చెప్పేస్తాను. క్లాసులు మానకండి, కవిత్వమూ మానకండి. ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 దాకా లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేశాడు. అమెరికన్ కవి వాలెస్ స్టీవెన్స్ 1955లో పోయేదాకా ఇన్సూరెన్స్ కంపెనీలోనే ఉన్నాడు. ఇంకో అమెరికన్ కవి విలియం కార్లోస్ విలియమ్స్ డాక్టరు, ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య దొరికిన కాసేపట్లో రాసుకునేవాడు. పొట్టకూటి పని వల్ల కవిత్వం చచ్చిపోదు. మీ పనిలో ఒక చిక్కు ఉంది, ఒప్పుకుంటాను. రోజంతా అంకెలు చూసినవాడికి సాయంత్రం మాటలు కొత్తగా ఉంటాయి. మీకు అలా కాదు. ఇరవై మంది కవితలు దిద్ది లేచేసరికి వాళ్ళ లయలే చెవిలో మోగుతుంటాయి. దాని సంగతి తర్వాత చెబుతాను.

నన్ను పట్టుకున్నది వేరే మాట. ‘గురువారం ఒక్కటే ఖాళీ’ అని రాశారు. ఆరు రోజులు పరాయివాళ్ళ రాతకి ఇచ్చేశాక మీ రాతకి మిగిలిన రోజు అమ్మా అది! దర్జీ కత్తెర పట్టుకుని బల్ల దగ్గర నిలబడితే ఖాళీగా ఉన్నాడని ఎవరూ అనరు. కవి కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఖాళీ. లోకం అలా అనుకుంటే సర్దుకుపోవచ్చు, కానీ మీరే అలా రాశారు. అది మీ మాట కాదని నా అనుమానం. ‘గురువారం నువ్వు ఖాళీయే కదా’ అని మీ అన్నయ్య ఎప్పుడో ఒకసారి అని ఉంటారు, మీరు తలూపి ఉంటారు. అమ్మని చూసుకునే ఆ మనిషికి గురువారమే సెలవు ఎందుకు పడిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆమె అడిగిందా, లేక మీరు వస్తారు కాబట్టి ఆ రోజు పెట్టారా?

మీరు ఎందుకు తలూపారో కూడా ఉత్తరంలోనే ఉంది. మంచం కింద పెట్టెలు.

కవితా సంపుటాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చాలామంది సొంత డబ్బుతోనో ఇంట్లోవాళ్ళ డబ్బుతోనో అచ్చు వేయించుకుంటారు. కొన్ని అమ్ముడుపోతాయి, కొన్ని స్నేహితులకీ సభల్లో కలిసినవాళ్ళకీ పంచడంలో పోతాయి, మిగిలినవి అట్టపెట్టెల్లో ఉండిపోతాయి. ఆ పుస్తకాల మామూలు గతి అది. మీ కంటికి మాత్రం ఆ పెట్టెలు అప్పుపత్రాల్లా కనిపిస్తున్నాయి. అన్నయ్య డబ్బు పెట్టాడు, అది తిరిగి రాలేదు, అందుకని గురువారాలతో తీరుస్తున్నారు. వడ్డీ కడుతూనే ఉన్నారు, అసలు అలాగే ఉంది. ఆ పెట్టెల ఎదురుగా కూర్చుని కొత్త కవిత రాయడం ఎవరి తరమూ కాదు.

అన్నాచెల్లెళ్ళ మధ్య అప్పేమిటి అంటారు. నేనూ ఆ మాట వింటూనే పెరిగాను, చాలా ఇళ్ళలో అది నిజం కూడా. కానీ ఇన్నేళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు చదివాక ఒకటి గట్టిగా నమ్ముతున్నాను. తీసుకున్నందుకు మన గొంతు చిన్నదైపోతే, ఎవరు ఇచ్చినా సరే, ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలి. ఒకేసారి అక్కర్లేదు. నెలకి ఇంత అని మొదలుపెట్టండి. ఆయన వద్దంటారు, మందలిస్తారు, ‘ఏంటే ఈ లెక్కలు’ అని నొచ్చుకుంటారు కూడా. అమ్మ ఖర్చులో మీ వాటాగా తీసుకోమనండి. అప్పుడు కాదనలేరు.

మీ అన్నయ్య చెడ్డవారని నేననను. చెల్లెలి కవిత్వాన్ని తన డబ్బుతో అచ్చు వేయించిన అన్నని ఆ మాట ఎలా అంటాను? గురువారం మీ పని రోజని ఆయనకి తెలియకపోవచ్చు. మీరు ఎప్పుడైనా చెప్పారా? పుస్తకం అచ్చయినప్పుడు రచయిత్రిగా ఆయన ముందు నిలబడ్డారు, ఆ తర్వాత మళ్ళీ చెల్లెలై పక్కకి జరిగిపోయారు. నవ్వుతాడేమో అనుకుని 11 ఏళ్ళు గడిపేశారు. ఆయన నిజంగా నవ్వింది ఒక్కసారి కూడా మీ ఉత్తరంలో లేదు.

అమ్మని చూసుకోవడం తగ్గించమని చెబుతున్నానేమో అనుకునేరు. కన్నతల్లికి స్నానం చేయించే తీరిక లేని కవిత్వం మీద నాకు గౌరవం లేదు. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తల్లికి 1875లో పక్షవాతం వచ్చింది, 1882లో పోయేదాకా ఆవిడ ఎక్కువగా మంచం మీదే గడిపింది. ఎమిలీ, చెల్లెలు లవీనియా కలిసి ఆవిడకి సేవ చేశారు. అన్న పక్కింట్లోనే కాపురం ఉండేవాడు. ఎమిలీ తన కవితల్లో పెద్ద భాగం అంతకుముందే, 1860ల్లో రాసేసింది, కానీ ఆ ఏడేళ్ళలోనూ కలం వదల్లేదు. మంచం పక్కన ఇద్దరుండడం చిన్న విషయం కాదని నాకనిపిస్తుంది. ఆమె రాసినవి మొత్తం 1,800కి దగ్గరగా ఉంటే బతికుండగా అచ్చయినవి పది దాకా మాత్రమే. 1886లో ఎమిలీ పోయాక, దాచిపెట్టిన కవితల కట్టలు చూసి, వాటిని అచ్చులోకి తేవాలని పట్టుబట్టింది ఆ లవీనియాయే. తోబుట్టువుకి మన పని విలువ తెలిస్తే ఎంత దూరం వస్తారో చూడండి. తెలియనివ్వాలి కదా!

కాబట్టి ఈ ఆదివారం వెళ్ళి కూర్చోండి. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. అన్నయ్య, వదిన ఇద్దరూ ఉండగా చెప్పండి. ‘అన్నయ్యా, గురువారం నాకు పని రోజు. అమ్మ దగ్గరికి ఇకనుంచి ఆదివారం వస్తాను. పగలు వచ్చే ఆవిడ సెలవు ఆదివారానికి మారుద్దాం.’ అంతే. సారీలు వద్దు, ఎనిమిది నెలల బాధ ఏకరువు పెట్టొద్దు, వచ్చిన జ్ఞాపికల లెక్క చెప్పొద్దు. ఆ మనిషి ఆదివారం సెలవుకి ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. ఆమెకీ ఇల్లుంది. ఆయన నవ్వితే నవ్వనివ్వండి, నవ్వు అయ్యాక అదే మాట ఇంకోసారి చెప్పండి. అమ్మకి మాత్రం మీరే నిదానంగా చెప్పుకోండి. గురువారం కూతురు వస్తుందని వారమంతా ఎదురుచూసే మనిషి ఆవిడ.

మీవారి గురించి ఒక్క ముక్క. ‘నీ ఇష్టం’ అంటే అడ్డు చెప్పడం లేదని మాత్రమే అర్థం. గురువారం ఇంటికి ఎవరొచ్చినా, కరెంటు మనిషి వచ్చినా, చుట్టాల ఫోనొచ్చినా ఆయనే చూసుకోవాలని అడగండి.

ఇక దిద్దుబాటు. ఆదివారం అమ్మకి వెళ్ళిపోతే ఆ పని ఎప్పుడు చేయాలంటారు. ఉచిత ముందుమాటలూ న్యాయనిర్ణయాలూ ఒక ఏడాది ఆపేయండి, ఆ టైములో పడుతుంది. ‘మేడమ్, మీరు రెండు మాటలు రాస్తే చాలు’ అంటారు. ఆ రెండు మాటల కోసం నూట యాభై పేజీలు చదవాలని వాళ్ళకీ తెలుసు. స్టూడెంట్లకి కూడా పేజీల కొద్దీ రాసివ్వకండి. చాలా కవితలు మూడో పాదంలోనో నాలుగో పాదంలోనో మొదలవుతాయి, పైనున్నది గొంతు సవరించుకోవడం. కవిత నిజంగా ఎక్కడ మొదలైందో ఒక గీత, ఎక్కడ అబద్ధమాడిందో ఇంకో గీత. మిగతాది వాళ్ళు వెతుక్కోవాలి. అన్నీ మీరే సరిచేసి ఇస్తే వాళ్ళకి రాయడం రాదు, మీకు రాసే ఓపిక మిగలదు. వాళ్ళ కవితలు అచ్చయినప్పుడు మనసు చివుక్కుమంటోందని మీరు రాయలేదు, నాకు వినిపించింది. దానికి సిగ్గుపడకండి. నలుగురికీ వడ్డించి తాను పస్తున్న మనిషికి అలాగే ఉంటుంది.

మొదటి రెండు మూడు గురువారాలు ఏమీ రాకపోవచ్చు. వచ్చినా రాకపోయినా కూర్చోండి. ‘పూర్తి చేయలేదు’ అన్నారు కానీ ‘రాయలేదు’ అనలేదు, అంటే సగం రాసి వదిలినవి ఉన్నాయన్నమాట. ఆ నోటుబుక్ తీసి, ఎవరో స్టూడెంట్ ఇచ్చింది అనుకుని పైకి చదవండి. మీ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ పెట్టండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి.

ఆదివారం తిరిగొచ్చేటప్పుడు ఆ రెండు పెట్టెలూ మీ ఇంటికి తెచ్చేసుకోండి, ఆటో మాట్లాడుకుని అయినా సరే. వాటిని ఇన్నేళ్ళు ఊడ్చి, జరిపి, మళ్ళీ సర్దింది మీ వదినగారే అయి ఉంటారు. రాత్రుళ్ళు అమ్మని లేపి పట్టుకుంటున్నదీ బహుశా ఆవిడే. ఒక పుస్తకం బయటికి తీసి, లోపల ఆవిడ పేరు రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ఇంట్లో రెండు పెట్టెలున్నాయి కదా అని, ఆవిడకి ఒకటి ఇవ్వాలని ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టి ఉండదు.