ఒబో ఎందుకు పలకలేదు?

చిరంజీవికి,

ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ కట్టిన ఆర్కెస్ట్రా కృతి 'సింఫనీ ఫంటాస్టిక్' మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 'హృదయం' పదకొండుసార్లు వచ్చింది. ఒబో ఒక్కసారే, అదీ 'పిల్లనగ్రోవి లాంటిది' అని. కాదయ్యా! అది జంట రెల్లు రేకుల వాద్యం, మన సన్నాయికి చుట్టం. ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

నటి హారియెట్ స్మిత్సన్‌తో బెర్లియోజ్ ప్రేమకథకు రెండు పేజీలెందుకు? 1827లో పారిస్‌లో ఆమెను 'హామ్లెట్' నాటకంలో చూశాడు, 1830 డిసెంబర్ 5న ఈ సింఫనీ మొదటిసారి మోగింది. రెండు వాక్యాలు చాలు. ఆవేశం ఎక్కడుందో స్వరాల్లో వెతుకు. ప్రియురాలికి గుర్తుగా మళ్లీ మళ్లీ వచ్చే బాణీని మొదటి వయొలిన్లు, ఫ్లూట్ కలిసి ఎత్తుకున్నప్పుడు కింద తోడేమీ లేదు. కాసేపటికి కింది స్థాయి తీగ వాద్యాలు తడబడే గుండెలా ఉండుండి కొట్టుకుంటాయి. నువ్వు 'గుండె దడదడలాడింది' అన్నావు. దడ ఎవరు వాయించారో చెప్పలేదు!

వాద్యాల పేర్లు పాఠకుడికి బరువని కొట్టేసే సంపాదకులు తగులుతారు. క్రికెట్ వార్తలో ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడో రాయకపోతే మాత్రం వాళ్లే ఊరుకోరు. లొంగకు.

మూడో భాగంలో 'ఉరుము భీకరంగా గర్జించింది' అన్నావు. మళ్లీ విను. మొదట్లో వేదిక మీద కోర్ ఆంగ్లే, అంటే ఒబో కన్నా మంద్రంగా పలికే దాని తోబుట్టువు, పిలిస్తే తెర వెనక నుంచి ఒబో బదులిస్తుంది, ఇద్దరు పశుల కాపర్లలాగా. చివర్లో కోర్ ఆంగ్లే మళ్లీ పిలుస్తుంది. ఒబో పలకదు. బదులుగా నలుగురు టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డప్పు) వాద్యకారులు స్పాంజి తలల పుల్లలతో దూరపు ఉరుము మోగిస్తారు. ఒక్కో డప్పుది ఒక్కో స్వరం, నాలుగూ కలిస్తే మసక మసక శ్రుతి. గట్టి పుల్ల అయితే దెబ్బ విడిగా వినపడి ఉరుము దగ్గరికొచ్చేస్తుంది, ఒంటరితనం పోతుంది. స్పాంజి అందుకు. భయం ఆ ఉరుములో లేదు, రాని జవాబులో ఉంది.

నాలుగో భాగంలో, కథలోని ప్రేమికుణ్ణి తల నరకడానికి తీసుకెళ్లే చోట, క్లారినెట్ ప్రియురాలి బాణీ ఎత్తుకోగానే ఆర్కెస్ట్రా అంతా ఒక్క దెబ్బతో తెగ్గొట్టడం, వెంటనే తీగలు మీటితే తల రాలడం బాగానే పట్టావు.

ఇక మూడో భాగం చివరి రెండు నిమిషాలే పెట్టుకో. మొదటిసారి ఏ వాద్యం ఎప్పుడు ఆగిందో మాత్రమే రాయి. విశేషణాలు ముట్టుకోకు. రెండోసారి విన్నాక ఎవరు పలకాల్సి ఉండీ పలకలేదో రాయి. ఆ కాగితం పంపు. ఆ ప్రేమికుడు మింగిన నల్లమందు గురించి నువ్వడిగిన సంగతి ఇప్పుడు నాకక్కర్లేదు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన