ఎక్స్-29 బాక్స్‌కార్‌కి ఏ ఎరుపు వెయ్యాలి అంటే, ముందు ఏ సంవత్సరమో చెప్పండి

మీరు అడిగింది ఇదీ: హెచ్ఓ స్కేల్‌లో (అసలు బండికి 87వ వంతు సైజు) అమెరికాలోని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ వాళ్ళ పాత ఎక్స్-29 బాక్స్‌కార్, అంటే మూసిన సరుకుల పెట్టె, రెజిన్ కిట్ (పోత ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మ) ఒకటి కొన్నారు. దానికి సరైన ఎరుపు ఏది, తుప్పు ఎంత పట్టించాలి, దాని పక్కన ఇంకా ఏ కంపెనీల బండ్లు నిలబెట్టాలి?

రంగు సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ లేఅవుట్ మీద, అంటే పట్టాలూ ఊళ్ళూ కట్టుకున్న మీ బొమ్మ రైలు లోకంలో, బండి ఏ సంవత్సరంలో తిరుగుతోంది? కుదిరితే ఏ నెలలో? అది తేల్చుకోకుండా రంగు సీసా మూత తియ్యకండి. నేను తీసి అభాసుపాలయ్యాను.

పన్నెండేళ్ళ కిందట, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హ్యారిస్‌బర్గ్ దగ్గరికి ఉద్యోగం మారిన కొత్తలో, నేను కట్టిన మొదటి రెజిన్ కిట్ కూడా ఎక్స్-29యే. పిల్లలు పడుకున్నాక రాత్రిళ్ళు కూర్చుని మూడు నెలలు చేశాను. పక్కగోడ మీద పెద్ద తెల్ల కీస్టోన్ గుర్తు (కమాను నడిమి రాయి ఆకారంలో ఉండే ఆ కంపెనీ ముద్ర), దాని వెనక నీడ గీసినట్టుండే షాడో కీస్టోన్ డెకాల్ (పల్చటి స్టిక్కర్ లాంటిది) అంటించి, మురిసిపోతూ మోడల్ రైళ్ళ క్లబ్బుకి పట్టుకెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి బండిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "చాలా బాగా కట్టావు. నీ లేఅవుట్ ఏ సంవత్సరం?" అన్నాడు. 1951 అన్నాను గర్వంగా. "అయితే దీన్ని మూడేళ్ళు షెడ్డులో దాచిపెట్టు" అన్నాడు. షాడో కీస్టోన్ వచ్చింది 1954లో. అంతకుముందు గుండ్రటి గీత లోపల చిన్న కీస్టోన్ ఉండేది.

అసలు నేను చెయ్యకూడని తప్పు అది. మా నాన్న కాజీపేటలో గూడ్స్ గార్డు. చిన్నప్పుడు యార్డు గోడ పక్కన నిలబెట్టి, వ్యాగన్ మీద రాసినవన్నీ నాచేత చదివించేవాడు. రకం పేరు, ఖాళీ బరువు, ఎంత సరుకు పడుతుంది, చివరిసారి పీఓహెచ్ (వర్క్‌షాప్‌లో నిర్ణీత కాలానికి చేసే పూర్తి మరమ్మతు) ఎక్కడ ఎప్పుడు అయింది, మళ్ళీ ఏ తేదీకి వర్క్‌షాప్‌కి తిరిగిరావాలి. "ముందు రాత చదవరా, తర్వాత బండి చూద్దువుగాని" అనేవాడు. ఆయన మాట నాకు గుర్తొచ్చేసరికి డెకాల్ ఆరిపోయింది.

అమెరికన్ బండ్ల మీద కూడా ఆ రాతలన్నీ ఉంటాయి. మీ కిట్‌తో వచ్చిన డెకాల్ షీటు తీసి భూతద్దం కింద పెట్టండి. కంపెనీ అక్షరాలు, నంబరు కింద మూడు వరుసలు కనిపిస్తాయి. సీఏపీవై అంటే పేరుకి ఎంత సరుకు, ఎల్‌డీ ఎల్ఎమ్‌టీ అంటే నిజంగా ఎక్కించగల గరిష్ఠ బరువు, ఎల్‌టీ డబ్ల్యూటీ అంటే ఖాళీ బండి బరువు. మీది 50 టన్నుల బండి, కాబట్టి మొదటి వరుసలో 1,00,000 పౌండ్లు. మిగతా రెండూ కలిపితే 1,69,000 రావాలి, ఎందుకంటే 50 టన్నుల బండి ఇరుసులు పట్టాల మీద మోయడానికి అనుమతి ఉన్న మొత్తం అంతే. ఖాళీ బరువు 45,600 అయితే సరుకు 1,23,400. కూడిక తప్పితే ఆ డెకాల్ వాడకండి. చాలా షీట్లలో అంకెలు విడివిడి ముక్కలుగా ఇస్తారు. ఏదో ఒకటి అంటించేస్తే ఎవరు చూస్తారులే అనుకుంటాం గానీ, చూసేవాళ్ళుంటారు. ఇప్పుడు నేనూ ఆ బాపతే.

ఆ ఖాళీ బరువు పక్కన ఒక చిన్న గుర్తు, నెల, సంవత్సరం ఉంటాయి. బండిని చివరిసారి ఏ షాపులో ఎప్పుడు తూచారో చెప్పేది అదే. బండి పాతబడేకొద్దీ, మరమ్మతులు జరిగేకొద్దీ బరువు మారుతుంది. అందుకని నిర్ణీత కాలానికి ఒకసారి మళ్ళీ తూచి, పాత అంకెల మీద రంగు పులిమి కొత్తవి రాసేవాళ్ళు. దీనివల్ల మోడల్ మీద ఏం కనిపించాలో ఊహించండి. మసి పట్టిన గోడ మధ్య చేతిరుమాలంత తాజా ఎర్ర పట్టీ, దాని మీద తళతళలాడే తెల్ల అంకెలు. నా మటుకు పాతబడ్డ గూడ్స్ బండిని పాతబడ్డట్టు చూపించేది తుప్పు కాదు, ఆ కొత్త పట్టీ. బండి మొత్తానికి మసి పూశాక చివర్లో ఆ పట్టీ వేసి, తేదీ అంటించండి. మీ లేఅవుట్ 1951 అక్టోబర్ అయితే ఆ తేదీ దానికి ఏడాదో రెండేళ్ళో ముందుది కావాలి, తర్వాతది కాకూడదు.

ఇప్పుడు బండి సంగతి. ఎక్స్-29లు 1924 నుంచి 1934 వరకు కట్టారు, దాదాపు 30 వేలు. పెన్సీకి (ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు) దేశంలోకెల్లా పెద్ద వ్యాగన్ల మంద ఉండేది, అందులో ఇవి వెన్నెముక. చెక్క గోడల బండ్లు ఇంకా మామూలైన రోజుల్లో ఇవి ఉక్కు రేకు గోడలతో వచ్చాయి. మొదట్లో వచ్చినవాటికి రెండు కొసల గోడలూ బల్లపరుపు రేకు, చివర్లో కట్టినవాటికి ముడతల రేకు. మీ కిట్‌లో ఏది ఉందో చూసి, దానికి తగ్గ నంబరు ఎంచుకోండి. వీటి లోపలి ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. 1937 తర్వాత ప్రమాణంగా స్థిరపడ్డ బాక్స్‌కార్ ఎత్తు 10 అడుగులు. హెచ్ఓలో అడుగుకి 3.5 మిల్లీమీటర్లు కాబట్టి తేడా 5 మిల్లీమీటర్లు. వినడానికి ఇంతే అనిపిస్తుంది, కానీ రెండూ పక్కపక్కన పెడితే పెద్దన్న పక్కన తమ్ముడు నిలబడ్డట్టుంటుంది. 1950ల నాటి గూడ్స్ రైలు అందమే ఆ ఎగుడుదిగుడు కప్పుల వరుస. ఒకే రకం బండ్లు పాతిక కొని వరుసగా పెట్టినవాళ్ళ రైలు చూస్తే నాకు సబ్బుల పెట్టె గుర్తొస్తుంది.

వీటికి ఒక రోగం ఉండేది. పక్కగోడ రేకు కింది అంచు తుప్పు తినేసేది. దాంతో చాలా బండ్లకి కింద వరుసగా కొత్త రేకు అతుకులు వేశారు. మీ కిట్ గోడ కింది భాగంలో ఉబ్బెత్తుగా పట్టీలు కనిపిస్తే, అవి పోత లోపాలనుకుని ఉప్పు కాగితంతో రుద్దెయ్యకండి. మా క్లబ్బులో ఒక తమ్ముడు పాపం ఓపిగ్గా రుద్ది నున్నగా చేసి తెచ్చాడు. అతుకుల్లేకపోతే 1930ల బండి అవుతుందిలే అని ఓదార్చాం, కానీ అతను అప్పటికే 1950 తేదీ అంటించేశాడు.

తుప్పు ఎంత అని అడిగారు కదా, మీరు అనుకున్నదాంట్లో నాలుగో వంతు. రైల్వేలు డబ్బు సంపాదించే బండ్లని పాత ఇనుప సామాన్లలా వదిలెయ్యవు. 1951లో పెన్సీ మీద బొగ్గు ఇంజన్లు ఇంకా నడుస్తున్నాయి, 1957 దాకా నడిచాయి. కాబట్టి అసలు మురికి తుప్పు కాదు, మసి. కప్పు మీద దాదాపు నలుపు, గోడల మీద పైనుంచి కిందికి పలచబడుతూ. కప్పు నడుమ మనుషులు నడిచే చెక్క పలకలు ఉంటాయి చూడండి, బ్రేక్‌మన్ ఒక బండి మీంచి ఇంకో బండికి వెళ్ళేది వాటి మీదే. వాటి రంగు లేచిపోయి కింద బూడిదరంగు చెక్క కనిపించాలి. ఒకటీ అరా పలక మార్చినట్టు లేత రంగులో ఉంటే ఇంకా బాగుంటుంది.

సరే, ఎరుపు. మన ఇళ్ళ గడపలకీ గోడ అంచులకీ పూసే కావి రంగు తెలుసు కదా, దాదాపు అదే వస్తువు, ఐరన్ ఆక్సైడ్. చవక, ఎండకీ వానకీ ఆగుతుంది, అందుకే చాలా కంపెనీలు అదే వాడాయి. పెన్సీది మిగతావాటికంటే కాస్త నారింజ వైపు ఉండేది, పోనుపోను గోధుమ వైపు తిరిగింది. సీసా మీద ఏ పేరు రాసుందన్నది నేను పట్టించుకోను. మీకు నమ్మకం కుదరకపోతే జాక్ డెలానో తీసిన ఫొటోలు చూడండి. 1942-43లో అమెరికా ప్రభుత్వం కోసం ఆయన షికాగో యార్డుల్లో తీసిన కోడాక్రోమ్ రంగు ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. యార్డుని పైనుంచి తీసిన వాటిలో వరుసలు వరుసలుగా బాక్స్‌కార్లు. ఏ రెండిటి ఎరుపూ ఒక్కటి కాదు. ఒకటి ఎండు మిరపకాయ, ఒకటి ఇటుక, ఒకటి ఎండిపోయిన చింతపండు. నేను మూడు సీసాలు కలిపి, ప్రతి బండికీ పాళ్ళు మార్చి వేస్తాను.

సుద్దముక్క రాతలు మర్చిపోకండి. యార్డు గుమాస్తాలు బండి ఏ లైనుకి వెళ్ళాలో గోడ మీదే సుద్దతో గీసేసేవాళ్ళు. బాగా చెక్కిన తెల్ల కలర్ పెన్సిల్‌తో మెల్లగా రాస్తే సరిపోతుంది. నా రెండో బండి మీద రాసేసి ఫొటో తీసి చూసుకుంటే ఏదో తేడాగా అనిపించింది. అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. రాతలన్నీ కప్పు కింద రాశాను. నేల మీద నిలబడి అక్కడ రాయాలంటే గుమాస్తా పదకొండు అడుగులుండాలి. ఒక చిన్న హెచ్ఓ మనిషి బొమ్మని పక్కన నిలబెట్టుకుని, వాడి చెయ్యి అందే చోటే రాయండి.

చక్రాల దగ్గర ఒక మాట. మనకి బోగీ అంటే పెట్టె మొత్తం, ఇక్కడ కింద ఉండే నాలుగు చక్రాల చట్రాన్ని ట్రక్ అంటారు. కిట్ కాగితం చదివేటప్పుడు మొదట్లో నాకు తికమకగా ఉండేది. ఆ రోజుల్లో ఇరుసు కొసలకి నూనెలో నానబెట్టిన నూలు పీచు కూరిన పెట్టెలుండేవి. ఆ నూనె చిమ్మి చక్రాల ముఖం మీద పడి, దుమ్ముతో కలిసి జిడ్డు పేరుకునేది. అందుకని చక్రాలకి తుప్పు రంగు వద్దు, జిడ్డు నలుపు కావాలి. తుప్పు చక్రాలు రోలర్ బేరింగులు వచ్చాక సంగతి. ఆర్చ్‌బార్ ట్రక్కులు, అంటే ఇనుప పట్టీలు వంచి బోల్టులతో బిగించినవి, ఎంత ముచ్చటగా ఉన్నా పెట్టకండి. 1940ల మొదటికల్లా వాటిని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి బండ్లు మార్చుకునే చోట నిషేధించేశారు.

పక్కన ఏ కంపెనీలవి పెట్టాలంటే, బాక్స్‌కార్ల విషయంలో దాదాపు అన్నీ. అవి మన నేషనల్ పర్మిట్ లారీల్లాంటివి, సరుకు ఎటుంటే అటు పోతాయి. పరాయి కంపెనీ బండిని తన పట్టాల మీద ఉంచుకున్నన్ని రోజులు రోజుకింతని అద్దె కట్టేవాళ్ళు. అందుకే మీరు కాలిఫోర్నియా లేఅవుట్ కట్టినా పెన్సీ బాక్స్‌కార్ వింత కాదు. బొగ్గు మోసే హాపర్ల లెక్క వేరు, అవి గనికీ రేవుకీ మధ్య తిరుగుతూ ఎక్కువగా సొంత ఇలాకాలోనే ఉంటాయి. మీది ఏ ప్రాంతమో రాయలేదు. పెన్సిల్వేనియా అయితే మూడో వంతు సొంత పెన్సీవి, మిగతావి పక్క కంపెనీలు, దూరపువి కలిపి పెట్టండి. బాల్టిమోర్ అండ్ ఒహాయో వాళ్ళ ఎమ్-26 బండి ఒకటి కొంటే తమాషాగా ఉంటుంది. అదీ ఎక్స్-29 కూడా ఒకే 1923 నాటి డిజైన్ నుంచి పుట్టాయి, పేరు చెరిపేస్తే కవలలే.

కట్టడం గురించి పెద్దగా చెప్పను, కిట్ కాగితంలో ఉంటుంది. రెజిన్ ముక్కల్ని సబ్బు నీళ్ళతో కడగడం మాత్రం మానకండి, అచ్చుకి పూసిన జిడ్డు ఉంటే రంగు పొరలు పొరలుగా లేస్తుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్క చాలు, ఎక్కువైతే రివెట్లు మునిగిపోతాయి.

చివరిది బరువు. ఇక్కడి మోడల్ రైల్‌రోడ్ సంఘం ఎన్ఎమ్ఆర్ఏ లెక్క ప్రకారం హెచ్ఓ బండికి ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. మీ బండి దాదాపు 5.6 అంగుళాలు, అంటే సుమారు 108 గ్రాములు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న పాత స్టీలు రూపాయి బిళ్ళలు పేర్చి లోపల అతికించాను, ఒక్కోటి 4.85 గ్రాములు, వెడల్పు కూడా చక్కగా సరిపోయింది. పట్టాల కింద కప్లింగులు విప్పడానికి అయస్కాంతం పెట్టుకున్నానన్న సంగతి మాత్రం గుర్తులేదు. బండి దాని మీదికి రాగానే ఎవరో తోక పట్టుకున్నట్టు ఆగి, ఒక్క ఉదుటున ముందుకి దూకేది. మీరు సీసం ముక్కలో ఇత్తడి నట్లో వాడండి. నేలని గోడలకి అతికించెయ్యకుండా రెండు చిన్న స్క్రూలతో బిగించండి. నాది అతికించేశాను, ఇప్పుడు లోపల ఒక రూపాయి ఊడింది. లేఅవుట్‌లో వంపు తిరిగినప్పుడల్లా గల్లుమంటుంది. మా చిన్నది దాన్ని రూపాయి బండి అంటుంది.