తలుపు ఎవరు వేశారు?

ఈ వారం ఉత్తరాల్లో ఒకదానికే ఎక్కువ చోటు పోయింది. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి రాత్రిళ్ళు కూర్చుని జాంబీ సినిమాలు చూస్తుంటాడు. శవాలు లేచి మనుషుల్ని పీక్కుతినడం తప్ప నాకందులో ఏమీ కనపడలేదు. వాడేమో “అమ్మా, వాటిలో గొప్ప సినిమాలున్నాయి, నీకు తెలీదు” అంటాడు. నిజమేనా? – ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: నిజమేనమ్మా. కాకపోతే చాలా కొద్ది. మీవాడు చూసేవాటిలో పదికి ఎనిమిది చెత్తే అయ్యుంటాయి. ఈ మాట నేనన్నానని వాడితో అనకండి.

నేను పాతికేళ్ళు ఎడిటింగ్ రూముల్లో పనిచేశాను, మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద రీళ్ళు తిప్పిన రోజుల నుంచి కంప్యూటర్లు వచ్చేదాకా. సినిమా రక్తం అంటే మాకు రంగునీళ్ళే, దానికి భయపడే వయసు ఎప్పుడో దాటిపోయింది. అందుకని ఇలాంటి సినిమా పెడితే నేను శవాల్ని చూడను, తలుపుల్ని చూస్తాను. ఎవరు వేశారు, ఎవరి మొహం మీద వేశారు, వేశాక లోపలున్నవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోగలిగారా? ఈ మూడూ దర్శకుడు పట్టించుకున్నాడంటే కూర్చుంటాను. లేదంటే టీ పెట్టుకోడానికి లేస్తాను.

ఈ రకం సినిమాలకు దారి వేసింది జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. అమెరికాలో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల, సుమారు 1,14,000 డాలర్లతో, నలుపు తెలుపుల్లో తీశారు. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. ఒంటరిగా ఉన్న ఒక పల్లెటూరి ఇల్లు, లోపల ఏడుగురు, బయట శవాలు. పైన ఉండి తలుపులకు చెక్కలు కొట్టుకుందామని ఒకడు, నేలమాళిగలోకి దిగి గడియ పెట్టుకుందామని ఇంకొకడు. సినిమా అంతా ఈ తగాదాయే. మొదటివాడు బయటికెళ్ళి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొస్తే రెండోవాడు తలుపు తీయడు. ఆ మొదటివాడి వేషం వేసింది డ్యుయేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడు. అతని రంగు గురించి సినిమాలో ఒక్కరూ ఒక్క మాట మాట్లాడరు. తెల్లారేసరికి మిగిలేది అతనొక్కడే, అదీ తాను వద్దని వాదించిన ఆ నేలమాళిగలోనే దాక్కుని. కాపాడ్డానికి తుపాకులతో వచ్చిన జనం అతన్ని కిటికీలో చూసి, శవం అనుకుని కాల్చేస్తారు. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన సంవత్సరం అది. అక్కడ కదిలే బొమ్మ ఆగిపోయి, పేపర్లో ఫొటోల్లా గరుకుగా, ఒకదాని తర్వాత ఒకటి స్టిల్స్ వస్తాయి. ఎడిటింగ్ కూడా రొమేరోదే. ఆ స్టిల్స్ చూసినప్పుడల్లా నా వేళ్ళు ఊరికే ఉండవు.

ఇంకో సంగతి. సినిమా పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ మాట వేయడం మర్చిపోయారు. దాంతో అప్పటి అమెరికా చట్టం ప్రకారం అది అందరి సొత్తయిపోయింది. టైటిల్స్‌లో ఒక్క పేరు జారిపోయినందుకు ఒక నిర్మాత చేత నేను తిన్న తిట్లు గుర్తొచ్చి, ఆ కార్డు చేసినవాడి మీద జాలి వేస్తుంది. మీరైతే పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.

రెండోది కొరియా సినిమా ‘ట్రైన్ టు బుసాన్’, 2016లో వచ్చింది, దర్శకుడు యోన్ సాంగ్ హో. సోల్ నుంచి బుసాన్ వెళ్ళే రైలు, కూతురి కోసం టైము లేని తండ్రి, ఆ కూతురు. ఈ రైల్లో జాంబీలకు తలుపు తీయడం తెలియదు, మనిషి కనపడకపోతే ఊరుకుంటాయి. అందుకని ఒకామె పేపరు తడిపి అద్దానికి అంటిస్తుంది! ఇలాంటి చిన్న తెలివి ఒకటి దొరికితే నాకు సినిమా మీద నమ్మకం కుదురుతుంది. కొందరు ప్రాణాలకు తెగించి బోగీలు దాటుకుంటూ వస్తే, ఒక బస్సు కంపెనీ పెద్దాయన “వాళ్ళకూ అంటుకుంది, తీయకండి” అని అరిచి తలుపు బిగింపిస్తాడు. ఆ బోగీలోనే ఒక ముసలావిడ ఉంటుంది. తన అక్క శవమై అద్దానికి అవతల నిలబడి ఉంటుంది. ఆవిడ అక్కని చూస్తుంది, లోపలున్న ఈ పెద్దమనుషుల్ని చూస్తుంది, లేచి వెళ్ళి తలుపు తీసేస్తుంది.

మా మేనల్లుడు లాప్‌టాప్‌లో పెడితే మొదటిసారి చూశాను. ఆ పెద్దాయన్ని నోరారా తిట్టాను. తర్వాత 2020 ఏప్రిల్ వచ్చింది, కరోనా రోజులు. కృష్ణానగర్‌లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక నర్సమ్మాయి అద్దెకుండేది. కొన్నాళ్ళు ఆ అమ్మాయిని వేరేచోట ఉండమందామని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ బొటనవేలు గుర్తులు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ రాత్రి డ్యూటీ నుంచి వస్తే గేటుకు తాళం. చేతిలో హెల్మెట్ పట్టుకుని, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ అరగంట నిలబడింది. నేను బాల్కనీలో లైటు ఆర్పి చూస్తున్నాను. చివరికి వాచ్‌మనే తాళం తీసి, పొద్దున అందరి చేతా చీవాట్లు తిన్నాడు.

మొన్న ఆ సినిమా మళ్ళీ చూశాను. ఆ బోగీ సీను ఫార్వర్డ్ చేసేశాను. మా వృత్తిలో అది మహాపాపం.

ప్రశ్న: మన బేతాళుడు కూడా శవంలో ఉండేవాడే కదా. జాంబీ ఆయనకు చుట్టమా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

జవాబు: చుట్టం కాదండీ. బేతాళుడు ఒకరి శవంలో దూరిన పండితుడు. కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, తెలిసీ జవాబు చెప్పకపోతే తల వెయ్యి ముక్కలంటాడు. జాంబీకి ఆ తలే పనిచేయదు. దాని పుట్టిల్లు కరీబియన్ దీవుల్లోని హైతీ. ఫ్రెంచివాళ్ళ చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చాకిరీ చేసిన దేశం అది, 1804లో స్వతంత్రమైంది. చచ్చాక కూడా లేపి పని చేయిస్తారేమో అన్న భయంలోంచి వచ్చింది ఈ జాంబీ. కరవదు, తినదు, చెప్పిన పని చేస్తుంది. ఆ భయాన్ని పట్టుకున్న సినిమా జాక్ టూర్నర్ 1943లో తీసిన ‘ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ’. పేరు చూసి వెనక్కి తగ్గకండి, ఆ పేరు స్టూడియోవాళ్ళు అంటగట్టింది. 69 నిమిషాలే. ఒక నర్సు, మతిలేని ఒక ఇంటి ఇల్లాల్ని రాత్రివేళ చెరకు తోటలోంచి నడిపించుకుపోతుంది. మాటలు దాదాపు లేవు, గాలి చప్పుడే. నెత్తురు కూడా లేదు గనక మల్కాజిగిరి అమ్మగారు దీనితో మొదలుపెడితే మేలు.

ప్రశ్న: తెలుగులో ఒక్కటైనా ఉందా? – ఒక డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’, 2021. పెళ్ళికని కర్నూలు వెళ్ళిన కుర్రాళ్ళు ఫ్యాక్షన్ మధ్యలో, జాంబీల మధ్యలో ఇరుక్కుంటారు. ఊహ భలేది. ఎటూ కత్తులు దూసుకుని తిరిగే ఊళ్ళోకి కరిచేవాళ్ళొస్తే ఎవరు ఎవరికి భయపడాలి? నవ్వుల కోసం ఆ ప్రశ్నను తొందరగా వదిలేశారని నాకు అనిపించింది.

ప్రశ్న: ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ గొప్పదని అందరూ అంటే పెట్టాను. నటన ఘోరం, కెమెరా ఊగిపోతోంది. ఇరవై నిమిషాలకు కట్టేశాను. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: అయ్యో, తొందరపడ్డారు బాబూ! షినిచిరో ఉయెడా 2017లో తీసిన ఆ జపాన్ సినిమాలో మొదటి 37 నిమిషాలు ఒకటే షాట్, కోత లేదు. నాలాంటివాడికి పని లేకుండా చేశాడన్నమాట. ఆ తప్పులన్నీ, ఆ పిచ్చి మౌనాలు, అర్థంలేని కేకలు, మీకు చిరాకు తెప్పించిన ప్రతీదీ లెక్క ప్రకారం పెట్టినదే. ఎందుకో నేను చెప్పను. అసలు జపాన్ పేరుకు అర్థం మాత్రం చెబుతాను: ‘కెమెరా ఆపొద్దు!’ ఈ ఆదివారం మళ్ళీ పెట్టండి. 37వ నిమిషం దాటాక కూడా నచ్చకపోతే నన్ను తిడుతూ ఉత్తరం రాయండి, ఇక్కడే అచ్చు వేయిస్తాను.